క్యాసెట్టులో గంగ చప్పుడు

ఏడో తరగతిలో మా సోషల్ సారు మాచేత బడి వెనకాల ఆనకట్ట కట్టించాడు. ఎనభైల చివర, ఆర్మూరులో వానలు దంచికొట్టిన ఏడు అది. మా గదికి పైకప్పు రేకులది. వాన మొదలైతే సారు చెప్పే పాఠం రెండో బెంచీ దాకా కూడా వచ్చేది కాదు. నదులు, ప్రాజెక్టుల పాఠం అరిచి అరిచి గొంతు పోయి, ఒకనాడు ఆయన పుస్తకం టేబుల్ మీద పడేశాడు. "నడువున్రి బయటికి. వాన నన్ను చెప్పనిస్తలేదు. ఇగ వానతోనే చెప్పిస్త" అన్నాడు.

గోడ వెంబడి పారుతున్న నీళ్ళకు అడ్డంగా మట్టికట్ట వేయించి, నడుమ ఒక పలక నిలబెట్టి ఇదే గేటు అన్నాడు. నీళ్ళు నిండాక పలక ఎత్తించాడు. నీళ్ళు ఒక్క ఉరుకున పోయి, మెట్ల కింద విడిచిన లెక్కల సారు చెప్పుల్లో ఒకదాన్ని మోరీ దాకా లాక్కుపోయాయి. లెక్కల సారు ఒంటి చెప్పుతో వచ్చి, "ఇది బడా, బురదగుంటనా?" అని అరిచాడు. ఆయన మామూలుగా మాట్లాడితేనే పక్క గది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. మేము నవ్వాపుకోలేక ఒకరి వెనక ఒకరం దాక్కున్నాం.

ఆ వారమే సోషల్ సారు అసలు ఆనకట్ట చూపిస్తానని పోచంపాడుకు ఎక్స్‌కర్షన్ ఖాయం చేశాడు. గేట్లు ఎత్తారని కబురు వచ్చింది. ఆర్టీసీ బస్సు మాట్లాడారు. లెక్కల సారు తోడు వస్తానన్నాడు, మేము గంగలో పడకుండా చూడటానికట. మా దిక్కు గోదావరిని గంగ అనే అంటారు. పోచంపాడు నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ అక్కడ పట్టుకున్నది ఏదో ఒకటి తరగతిలో అందరి ముందూ పెట్టాలన్నది సోషల్ సారు షరతు. ఎవరు ఆకు తెస్తారో, ఎవరు గులకరాయి తెస్తారో అని బెంచీల మీద ఒకటే లొల్లి. నాకు ఆ బెంగ లేదు. నేను తేవలసింది ఏమిటో మా బాపు అప్పటికే చెప్పి ఉన్నాడు.

మా బాపు దుబాయిలో ఉండేవాడు. ఆ రోజుల్లో ఆర్మూరు చుట్టుపక్కల ఇల్లు వదిలి ఎడారి దేశం పోయిన మగవాళ్ళు ఉత్తరాలు తక్కువ రాసేవాళ్ళు, క్యాసెట్లు ఎక్కువ పంపేవాళ్ళు. సెలవు మీద వచ్చేవాళ్ళు అక్కడి మాటలు తెచ్చి, తిరిగి పోయేటప్పుడు ఇక్కడి మాటలు పట్టుకుపోయేవాళ్ళు. అందుకే సెలవు అయిపోవచ్చిన మనిషి ఇంటికి చుట్టాల కంటే క్యాసెట్లే ఎక్కువ వచ్చేవి. మా ఇంట్లో బాపు తెచ్చిన టేప్‌రికార్డరు ఉండేది. దాని మీద అమ్మ కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంచేది. నాయినమ్మ దాని ముందు కూర్చుంటే, దుబాయి దూరం కదా అని గొంతు చించుకుని అరిచేది. వాడకట్టంతటికీ మా ఇంటి సంగతులు ఆ విధంగా తెలిసేవి.

ఎక్స్‌కర్షన్‌కు ముందు వచ్చిన క్యాసెట్టులో బాపు ఒక పని చెప్పాడు. "బిడ్డా, మా రూముల రాజస్థాన్ ఆయన ఒకడున్నడు. మా ఊరి దగ్గర గంగ గేట్లు ఎత్తితే సప్పుడు ఎంతో దూరం ఇనవడ్తది అంటే నవ్వుతుండు. నీళ్ళకు సప్పుడేంది భయ్యా, మా ఊర్ల బాయిల చేద పడ్డప్పుడు తప్ప మేం ఇనలే అంటుండు. నేను కోతలు కోస్తున్నననుకుంటుండ్రు అందరు. నువ్వు పోచంపాడు పోతే గా సప్పుడు పట్టి పంపు. మీ బాపు మాట నిలబెట్టు."

బాపు మాట నిలబెట్టడం నా చేతిలో ఉంది! నేలమీద నిలవలేదు నేను. బాపు ఇల్లు వదిలాక నాకంటూ ఒక పని చెప్పడం అదే మొదలు. అది చేసి తీరాలి. పైగా మా వాడకట్టులో చిన్నాయన వరుస అయ్యే ఆయన సెలవు అయిపోయి, ఎక్స్‌కర్షన్ మరునాడే బొంబాయి బస్సెక్కుతున్నాడు. ఈ క్యాసెట్టు ఆయనతో పోకపోతే, మళ్ళీ మనిషి దొరికేసరికి ఎన్నాళ్ళవుతుందో.

టేప్‌రికార్డరు బయటికి తీయడానికి అమ్మ ససేమిరా అంది. "గా డబ్బను పోచంపాడు దాక మోస్కపోతవా? కింద పడేస్తే మీ బాపు నిన్ననడు, నన్నంటడు" అంది. నేను అన్నం మానేశాను. నాకు ముక్కు మీద కోపం, ఇప్పటికీ అంతే. చివరికి నాయినమ్మే, "పోనియ్యే, నా కొడుకు నోరు తెరిచి అడిగిండు గద" అని గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. క్యాసెట్టు ఒక వైపు మా ఇంటివాళ్ళం అప్పటికే మాట్లాడి నింపాం. రెండో వైపంతా నీళ్ళకని ఖాళీగా ఉంచాను. కొత్త సెల్లులు వేయించి, రికార్డరును పాత చీరలో చుట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

బస్సు పెర్కిట్ దాటిందో లేదో, "పాట పెట్టు, పాట పెట్టు" అని మొదలుపెట్టారు. "పాటలది గాదు, మా బాపుకు పోయే క్యాసెట్" అన్నాను కొంచెం గొప్పగానే. ఆ గొప్పే కొంప ముంచింది. ముందు సీటు పిల్లవాడు వెనక్కి తిరిగి, "మా బాపు గూడ దుబాయిలనే ఉన్నడే. ఒక్క మాట చెప్తనే, ఒక్కటే మాట" అన్నాడు. ఒక్క మాటే కదా, నా దగ్గర ఒక వైపంతా ఉందని రికార్డు, ప్లే బటన్లు రెండూ కలిపి నొక్కాను. వాడు, "బాపూ, మన బాయి నిండింది. చెంబు ముంచితే నీళ్ళు అందుతున్నయ్. నాకు గడియారం తే" అన్నాడు. గడియారం సంగతి చెప్పి ఊరుకున్నాడా, బావిలో తాత చెప్పు ఎలా తేలుతున్నదో కూడా చెప్పాడు.

ఇక చూడండి. బస్సులో సగం మందికి తండ్రో, అన్నో, మేనమామో దుబాయిలో ఉన్నారు. పెళ్ళి భోజనానికి ఎగబడ్డట్టు నా సీటు మీద పడ్డారు. ఒకడు తమ పసుపు చేన్లో నీళ్ళు నిలిస్తే రాత్రికి రాత్రి కాలువ తీసిన సంగతి చెప్పాడు. ఒకతి తమ వాడలో మోరీ పొంగి పెరటి కోళ్ళు కట్టెల కుప్ప ఎక్కిన సంగతి చెప్పింది. చెరువు నిండి మత్తడి మీదుగా దూకిందని ఒకరు, మక్క గింజలు ఆరబోస్తే మూడుసార్లు తడిశాయని ఒకరు. అందరిదీ ఒకటే వాన గోల. మీ బాపులు వానను చూడలేదా ఏమిటి అని నాకు లోపల మండిపోతున్నది. ఆపుదామంటే, ఎదురుగా చేతులు కట్టుకుని లెక్కల సారు నిలబడి ఉన్నాడు.

"జర మా తమ్మునికి గూడ రెండు మాటలు చెప్పనియ్యవా బిడ్డా?" అన్నాడు ఆయన. ఆయన నోట అంత మెల్లటి మాట అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. "తమ్మీ, చెరువు కింది మడి మునిగింది గని ఫికర్ చెయ్యకు, నీళ్ళు తీస్తున్నయ్, నాటు నిలుస్తది" అని, ఇంకా ఏదో చెప్పబోయి, మా అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని చూసుకుని గభాలున కూర్చున్నాడు. సారుకే ఇచ్చాక ఇక ఎవరికి లేదంటాను?

బాల్కొండ దాటాక అందరూ సద్ది మూటలు విప్పారు, నేను రికార్డరును మళ్ళీ చీరలో చుట్టబోయాను. అప్పుడు నా పక్కనే, పొద్దుట నుంచీ నోరు విప్పకుండా కూర్చున్న నా బెంచీ దోస్తు నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మ బీడీలు చుట్టేది, బడి వదిలాక అదీ చుట్టేది. వాళ్ళింట్లో టేప్‌రికార్డరు లేదు. వాళ్ళ బాపు అది పలక పట్టకముందే దుబాయి పోయాడు. "నేనొక్కసారి" అంది. అంతే. నాకు కాదనబుద్ధి కాలేదు. "బాపూ, నేను ఏడో తరగతికొచ్చిన. ఇల్లు కురుస్తున్నది. ఉన్న గిన్నెలన్ని కింద పెట్టినం, అమ్మకు వండనీకె గిన్నె లేకుంటయింది. ఆకు తడిస్తే పొయ్యి మీద ఆరవెట్టినం. నాకు భయమైతలేదు" అని మొదలుపెట్టి, ఆనకట్ట కనబడేదాకా ఆపలేదు.

పోచంపాడులో బస్సు దిగేసరికే నీటి తుంపరలు ముఖానికి తగిలాయి. గేట్ల కిందినుంచి నీళ్ళు తెల్లగా, కోపంగా దూకుతున్నాయి. కాళ్ళ కింద నేల అదురుతున్నట్టు అనిపించింది. బాపు కోతలు కోయలేదు. ఇంకా తక్కువే చెప్పాడు. నాకు అంత సంతోషం ఎందుకు వచ్చిందో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సోషల్ సారు మా పలక గేటునూ ఈ గేట్లనూ పోల్చి చెబుతున్నాడు, మా పిల్లలు గోల గోలగా అరుస్తున్నారు, చేపలు వేయించేవాళ్ళు కేకలు వేస్తున్నారు. నేను సారు దగ్గరికి పోయి, "సార్, జర అందరు సప్పుడు చెయ్యకుంటె మా బాపుకు నీళ్ళ సప్పుడు పట్టుకుంట" అన్నాను. ఆయన అందరికీ సైగ చేశాడు. మెల్లగా అందరూ నోళ్ళు మూశారు. రెయిలింగు మీద రికార్డరు పెట్టి రెండు బటన్లూ నొక్కాను. చక్రాలు తిరుగుతున్నాయి, నీళ్ళు దూకుతున్నాయి, నేను ఊపిరి బిగబట్టాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, లెక్కల సారు తన అసలు గొంతుతో, "సప్పుడు బంద్!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపు ఇంకా ఆగకముందే టక్కుమని బటన్లు పైకి లేచాయి. క్యాసెట్టు అయిపోయింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. నా క్యాసెట్టంతా తిన్నారు మీరు, మీ బావులు, మీ మోరీలు, మీ కోళ్ళు, మా బాపు అడిగింది ఒక్కటే, అది లేకుండా చేశారు అని ఏడుస్తూ అందరినీ తిట్టాను. లెక్కల సారు కూడా వింటున్నాడని తెలిసే తిట్టాను. సోషల్ సారు నా పక్కన కూర్చుని, "వెనుకకు తిప్పి, బస్సుల మాట్లాడిన దాని మీద మల్ల పట్టు. క్యాసెట్ నీది, నీ ఇష్టం" అన్నాడు.

వెనక్కి తిప్పాను. ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని ప్లే నొక్కితే, "నాకు భయమైతలేదు" అని నా దోస్తు గొంతు వినబడింది. చివర మాట్లాడింది అదే కాబట్టి, ముందు పోయేది దాని మాటలే. అది నన్ను బతిమాలలేదు. రెయిలింగు పట్టుకుని అటు తిరిగి నీళ్ళు చూస్తూ నిలబడింది. దానిమీద కోపం తెచ్చుకుందామని ఎంత చూసినా నాకు రాలేదు. దాని మాటలు అయిపోయేదాకా ముందుకు పోనిచ్చి, కనీసం సారు అరుపు చెరిపి ఆ కొంచెం మేర అయినా నీళ్ళు పట్టుకుందామనుకున్నాను. ఈ ముందుకీ వెనక్కీ తిప్పుడులో సెల్లులు అయిపోయాయి. చక్రాలు కదల్లేదు. తిరుగు దారిలో ఎవరు మక్క కంకి ఇచ్చినా పట్టుకోలేదు నేను.

ఇంటికొచ్చి కరెంటు మీద పెట్టి విన్నాను. చివర్లో కొంచెం హోరు, ఆపై "సప్పుడు బంద్!", ఆపై టక్కు. మరునాడు చిన్నాయన ఆ క్యాసెట్టునే సంచిలో వేసుకుని పోయాడు. రాజస్థాన్ ఆయన నవ్వుతాడు, బాపు తల దించుకుంటాడు, అంతా నా వల్లే అని కొన్నాళ్ళు నాకు నిద్ర పట్టలేదు.

ఎక్స్‌కర్షన్ నుంచి తెచ్చినవి తరగతిలో పెట్టే రోజున నా దగ్గర ఏమీ లేదు. బస్సులో జరిగిందంతా సోషల్ సారుకు బాగా గుర్తుంది. ఆకులు, రాళ్ళు అన్నీ చూశాక బెంచీలు గోడకు జరిపించి, సుద్దముక్కతో నేల మీద పెద్ద పటం గీశాడు. ఇక్కడ ఆర్మూరు, ఇది సముద్రం, అవతల ఇవి ఎడారి దేశాలు. "ఎవలి బాపు ఏడున్నడో గాడ నిలవడున్రి" అన్నాడు. బయటి దేశంలో మనుషులున్న వాళ్ళందరం గుంపుగా దుబాయిలో నిలబడ్డాం, చోటు చాలక ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకున్నాం. మా దగ్గర సముద్రం దాటిన వాళ్ళెవరైనా సరే, దుబాయి పోయిండనే అనేవాళ్ళు. సారు ఒక్కొక్కరినీ అడిగాడు, ఇంటికి వచ్చే కవరు మీద ఏ ఊరి పేరు ఉంటుందని. ఒకడు కువైట్ పోయాడు, ఇద్దరు సౌదీకి నడిచారు, ఒకతి బహ్రెయిన్‌లో ఒంటికాలి మీద నిలబడింది, ఆ దేశం అంత చిన్నది మరి. నా దోస్తు మస్కట్ అంది. గీత దాటి అవతల నిలబడమన్నాడు సారు.

అది అక్కడి నుంచి నన్నూ, నేను దాన్నీ చూశాం. "గట్లయితే మా బాపు ఇనడా సార్?" అని అడిగింది. నా క్యాసెట్టు మా బాపుకు పోతే, ఆయన అందరి బాపులకూ వినిపిస్తాడనే అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. సారు సుద్దముక్కతో దుబాయి నుంచి ఒక గీత గీసి, "దుబాయికెల్లి మస్కట్‌కు రోడ్డున్నది బిడ్డా, లారీలు పోతయ్" అని మాత్రం అన్నాడు. ఆ పాఠంలోని దేశాలు మాలో ఎవరూ పరీక్షలో తప్పు రాయలేదు.

పసుపు తవ్వే రోజులు వచ్చాయి. ఊరంతా పసుపు ఉడికే వాసన. బడికి వచ్చినవాళ్ళ గోళ్ళు కూడా పచ్చగా ఉండేవి. అప్పుడు వచ్చింది బాపు జవాబు. ఇంట్లో వినగానే అమ్మను అడగకుండానే రికార్డరు ఎత్తుకుని బడికి ఉరికాను. సోషల్ సారు దాన్ని టేబుల్ మీద పెట్టించాడు. పక్క గది నుంచి లెక్కల సారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బిడ్డా, నీళ్ళ సప్పుడు జరంతనే ఉన్నది" అని మొదలుపెట్టాడు బాపు. ఇంట్లో ఒకసారి విన్న మాటే అయినా నేను తల దించుకున్నాను. "గని మీ పిలగాండ్లు ఉన్నరు సూడు! ఒకనికి బాయి నిండెనాయె, ఒకనికి చెరువు మత్తడి దుంకెనాయె, ఇల్లు కురిసెనాయె, కోళ్ళు కట్టెలెక్కెనాయె. ఒక్కొక్కలు చెప్పింది నేను రాజస్థాన్ ఆయనకు హిందిల చెప్పుకుంట పోయిన. ఆయన నవ్వుడు బంద్ జేసిండు. కాళ్ళు ముడుసుకొని దగ్గరకొచ్చి కూసుండు. గిన్నెలన్ని కింద పెట్టిండ్రు, వండనీకె గిన్నె లేదంటే, 'బస్ భయ్యా, మాన్ లియా' అన్నడు. మీ బాపు మాట నిలవడ్డది బిడ్డా. వాన సూడక ఎన్నొద్దులాయె, గా రాత్రి మా రూముల అందరి మీద పడ్డట్టే అయింది. ఆఖరుకు మీ సారు సప్పుడు బంద్ అంటడు సూడు, ఎన్నిసార్లు పెట్టినా మేము గూడ నోర్లు మూసుకుంటున్నం."

తరగతంతా పగలబడి నవ్వింది. తలుపు దగ్గర లెక్కల సారు కూడా నవ్వాడు, ఆపుకోబోయి ఆపుకోలేక. నా దోస్తు మాత్రం నవ్వలేదు, ఇంకా వింటున్నది. బాపు గొంతు మళ్ళీ వచ్చింది. "మస్కట్ పోయే లారీ డ్రైవర్ ఒకాయన దొరికిండు, మన బాల్కొండ దిక్కే. మీ దోస్తు వాళ్ళ బాపు మస్కట్లనే ఉన్నడని మనోళ్ళు చెప్పిండ్రు, ఆయనకు ఇయ్యిమని గా క్యాసెట్ డ్రైవర్ చేతిల పెట్టిన. గాడికెల్లి కువైట్, సౌది ఎట్ల పోతదో సూస్తమన్నరు. నీ గొంతు గూడ దాంట్లనే పోయింది బిడ్డా. మీ అమ్మ గొంతు గూడ. ఇప్పుడు ఇననీకె నాకేం లేదు. జల్ది ఇంకోటి పంపు. గీసారి నువ్వొక్కదానివే మాట్లాడు, కడుపు నిండ."

నా పక్కన నా దోస్తు బెంచీ అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. నేను దాని చేతి మీద చెయ్యి వేశాను.

ఆ సాయంత్రం కొత్త క్యాసెట్టు పెట్టి, అమ్మనూ నాయినమ్మనూ బయటికి పంపి తలుపు వేసుకున్నాను. రెండు బటన్లూ నొక్కి "బాపూ" అన్నాను. చక్రాలు తిరుగుతున్నాయి. చెప్పాల్సినవి మనసులో ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ నోటి దాకా రాలేదు. బస్సులో నా దోస్తు ఆగకుండా మాట్లాడింది గుర్తొచ్చి, బటన్ ఆపి, చెప్పులైనా వేసుకోకుండా వెనక వాడలో దాని ఇంటికి పోయాను. నా దోస్తు బీడీల చాట ఒళ్ళోంచి దించి, చేతులు లంగాకు తుడుచుకుంటూ నా వెంట వచ్చింది. రికార్డరు ముందు దాన్ని కూర్చోబెట్టి, మళ్ళీ రెండు బటన్లూ నొక్కాను.

"ముందుగాల నువ్వు మాట్లాడు" అన్నాను.